రేవులో ఆగిన నిమ్మకాయలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలండీ! మాది అల్లవరం మండలంలో కాలువ చిట్టచివరనున్న ఊరు. నా పేరు సువార్త, కానీ ఆ రోజుల్లో నా నోట మంచి వార్త ఒక్కటీ వచ్చేది కాదు. మందిరంలో పాటకి నా గొంతే ముందుండేది గాని, విశ్వాసంలో మాత్రం గుమ్మం బయట చెప్పుల పక్కనే నా చోటు!

మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మా పెరటి మెట్లు దిగితే కాలువ రేవు, కాస్త ఎగువన మా తోడికోడలు రూతక్క ఇల్లు. నేను కాపురానికొచ్చిన కొత్తలో చేప తోమడం దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పింది ఆవిడే. ఒక ఏడాది వేసవి దాటేక కాలువకి నీళ్ళు వదిలితే, ఆ నీళ్ళతో పాటు మా రేవులోకి పసుపూ కుంకుమా పూసిన నిమ్మకాయలు వచ్చేయి, విసిరేస్తే మర్నాడు మళ్ళీ వచ్చేయి, ఆ తర్వాత ఎర్రదారం చుట్టిన కొబ్బరికాయ కూడా వచ్చి కూర్చుంది! అప్పుడే నాకు గుండెదడ పట్టుకుంది, అన్నం సయించేది కాదు, జాకెట్లన్నీ వదులైపోయేయి. అమలాపురం డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, "జబ్బేం లేదమ్మా" అన్నారు. జబ్బు లేదంటే మనిషి సంతోషించాలి కదండీ, నేను మాత్రం అయితే చేతబడే అనుకున్నాను! చేసిందెవరు? నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో అటు చూసేను. అక్కడ రూతక్క ఇల్లుంది.

అంతే, పెరటి తలుపుకి తాళం వేసేను, అక్కతో మాట మానేసేను. ఆవిడ చింతచిగురు, రొయ్యలు వండి గిన్నె పంపిస్తే, రుచైనా చూడకుండా కుక్కకి పెట్టేను. అది గిన్నె అడుగు దాకా నాకి, ఇంకా ఉందా అన్నట్టు నా మొహంకేసి చూసింది. దానికున్న విశ్వాసం నాకు లేకపోయింది!

నేను చిక్కిపోతుంటే చూడలేక పాస్టరమ్మగారు ఇంటికొచ్చేరు. "సువార్తా, బైబిలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా మంచికీ చెడుకీ ఒకటే యుద్ధమమ్మా. ఏదెనులో పాము, అరణ్యంలో యేసుని శోధించిన అపవాది, చివరికి ఘటసర్పమైన ఆ సాతాను కూలిపోవటం, అంతా ఆ యుద్ధమే. అయితే అది పొరుగింటి మీద చేసే యుద్ధం కాదు. తమ్ముడి మీద మండిపడ్డ కయీనుతో దేవుడు చెప్పేడు కదా, పాపం మన వాకిట్లోనే పొంచి ఉంటుందని," అన్నారు. నేను "ఆయ్" అన్నాను. ఆవిడ అలా వెళ్ళగానే, వాకిట్లో పొంచి ఉందంట అని వీధి తలుపుకి కూడా ఇంకో తాళం వేసేను!

ఆ సాయంత్రం మోకరించి ఇలా ప్రార్థన చేసేను: "ప్రభువా, నా శత్రువెవరో నా కళ్ళెదుట నిలబెట్టు, వాళ్ళని ఓడించు!"

తెలివితక్కువ ప్రార్థన కూడా వింటాడండీ ఆయన! తెల్లారి రేవులో చప్పుడైతే కిటికీలోంచి చూసేను. రూతక్క! నడుము లోతు నీళ్ళలో, చేతిలో కొడవలి, నీళ్ళ మీద దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్క మధ్యలో ఏదో చేస్తోంది. దొరికిపోయిందనుకుని పెరటి తలుపు తాళం తీసి ఒక్క పరుగున మెట్ల మీదికెళ్ళేను. కడిగేద్దామని నోరు తెరిచేసరికి, ఆవిడ చేతి పక్కనుంచే జరజరా ఒక పాము!

"అక్కా! పాము!"

అరవటం, దూకటం, ఆవిడ భుజం పట్టి లాగటం, ఇద్దరం బురదలో కూలబడటం, అన్నీ ఒక్కసారే అయిపోయేయి. ఏదెనులో పాము హవ్వతో మాట్లాడి చెడగొట్టింది, ఈ పాము ఏం మాట్లాడకుండానే మా ఇద్దరినీ మాట్లాడించి తన దారిన తను పోయింది!

"నీటిపామేనే పిచ్చిదానా! ఈత రానిదానివి, ఎందుకు దూకేవే?" అంది అక్క, మొహం మీది బురద తుడుచుకుంటూ.

"నువ్వెందుకు దిగేవక్కా?"

"చూడవే, ఈ గుర్రపుడెక్క నీ మెట్లకి అడ్డంపడి పైనుంచొచ్చిన చెత్తంతా ఇక్కడే ఆపేస్తోంది. ఒంట్లో బాలేనిదానివి, రేవులో కాలెలా పెడతావని కోస్తున్నాను."

అప్పుడు చూసేను. ఆ వేళ్ళ చిక్కులో నిమ్మకాయలు, కొబ్బరికాయలు, ఎవరిదో తెగిన చెప్పు, పిల్లల బంతి, ఆఖరికి పోయిందనుకున్న మా ఇంటి మగ్గు! ఎగువ ఊళ్ళవాళ్ళు పూజ అయ్యేక భక్తిగా నీళ్ళలో కలిపినవి కాలువ చివరికి రాక ఎక్కడికి పోతాయండీ? ఎవరి దిష్టీ లేదు, చెడిపోయింది నా దృష్టే. అక్క మెడ పట్టుకుని ఆ బురదలోనే ఏడ్చేను: "ప్రభువా, శత్రువుని చూపించమన్నాను, చూపించేవు. అది అక్క కాదయ్యా, నాలో పేరుకున్న భయం. దాన్ని నువ్వే కొయ్యి!"

కోసేడండీ, దేవునికే మహిమ! ఆ మధ్యాహ్నం అక్కింట్లో చింతచిగురు, రొయ్యలతో కడుపునిండా తిన్నాను, ఈసారి కుక్కకి ఏం మిగల్లేదు. దడ ఆ వేళే పోలేదు గాని రోజురోజుకీ తగ్గి, ఇప్పుడు ఆ జాడే లేదు. జాకెట్లు బిగువైపోతున్నాయి, దానికీ స్తోత్రమే!

గుర్రపుడెక్క మళ్ళీ పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా నేనూ అక్కా కలిసి దిగి, ఒక పాట పాడుకుంటూ కోస్తున్నాం. నిమ్మకాయలు ఇంకా వస్తున్నాయి, దారి ఉంది కాబట్టి సముద్రం వైపు వెళ్ళిపోతున్నాయి. సహోదరీ, సహోదరుడా, మీరు కూడా ఎవరి వైపైనా తలుపు మూసుకుని వణుకుతున్నారా? నా దేవుణ్ణి నమ్మి ఆ తాళం తియ్యండి. ఎగువనుంచి ఎవరైనా కొడవలి పట్టుకుని వస్తుంటే భయపడకండి, మీ రేవు బాగుచెయ్యటానికి ఆయనే పంపించి ఉంటాడు!