బొంత కప్పిన కంప్యూటరు

2001 మార్చిలో నన్ను విశాఖపట్నం నుంచి అరకు పంపించారు. అప్పటికి నేను బడిపిల్లల పాఠాలు రికార్డు చేసే ఒక చిన్న సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరుని. కంప్యూటర్లు, మైకులు, రికార్డింగు పరికరాలు చూసుకోవడం నా పని. ఆడమనిషిని కాబట్టి కొండమీద డ్యూటీ నాకు పడదని ఆఫీసులో అందరూ ధీమాగా ఉండేవారు. తీరా సమయానికి మిగతా ఇద్దరు ఇంజనీర్లకూ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. నా నడుం బాగానే ఉంది కనుక నేను బస్సెక్కాను.

అరకులో పని ఇదీ. అక్కడి ఊళ్ళలో ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో చాలామందికి ఆదివాసీ ఒరియా తప్ప తెలుగు రాదు. టీచరు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాక కొన్నాళ్ళకే బడి మానేసేవారు. మొదటి వారాల్లో వాళ్ళ భాషలోనే కథలు వినిపిస్తే బడిలో కుదురుకుంటారని మావాళ్ళు కేసెట్లు తలపెట్టారు. జూన్‌లో బడులు తెరిచేనాటికి అవి ఊళ్ళకు చేరాలి. చేరకపోతే ఆ ఏడాది చేరిన పిల్లలు కూడా మేకల వెంట వెళ్ళిపోతారు.

కథలు చెప్పేది బుద్రమ్మ. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. గొంతు చిన్నది, మాట మెత్తన. ఆవిడ మొదటి రోజే మా రికార్డిస్టు రామునాయుడికి ఒక షరతు పెట్టింది. "సినుకు పడితే నాను రాను బాబూ. పోడుకి పోవాల." కొండవాలున ఆవిడకు చోళ్ళూ సామలూ వేసే నేల చెక్క ఉంది. తొలి వానకు విత్తనం పడకపోతే ఏడాదంతా గింజ ఉండదు కాబట్టి అందులో బేరానికి తావు లేదు. మాకూ వాన పడితే కుదరదు. రికార్డింగు గది కప్పు రేకులది. దానిమీద వాన పడితే మనిషి మాట మనిషికే వినబడదు.

సాలూరు మనిషి రామునాయుడు. చెవి చాలా మంచిది, ఓపిక తక్కువ. నేను దిగగానే కాఫీ అయినా ఇవ్వకుండా గదిలోకి తీసుకుపోయి కంప్యూటరు చూపించాడు. దానిమీద ఒక పాతచీరల బొంత కప్పి ఉంది. జ్వరం వచ్చిన మనిషికి కప్పినట్టు నాలుగు వైపులా మడిచి దోపాడు కూడా.

ఇదేమిటని అడిగాను.

"ఏటి సేత్తాం మేడం గారూ, ఫేను గోలంతా మైకులో పడిపోతంది. అందుకే కప్పీసినాను."

ఇక్కడ కొంచెం వృత్తి విషయం చెప్పాలి. ప్రతి ప్రాసెసరుకూ తయారుచేసినవాళ్ళు ఒక వేగం నిర్ణయిస్తారు. మదర్‌బోర్డులో సెట్టింగులు మార్చి అంతకు మించి పరుగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. మా దగ్గరున్నది ఆరువందల మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. ఆ వేగంతో రికార్డు చేస్తే మధ్యమధ్య శబ్దం తెగి టిక్కు టిక్కుమనేది. కొత్త యంత్రం ఆ ఏడాది రాదని తేలిపోవడంతో నాకంటే ముందున్న ఇంజనీరు దాన్ని తొమ్మిదివందలకు పెంచాడు. టిక్కులు పోయాయి, వేడి వచ్చింది. ఆ వేడిని తట్టుకోడానికి అతను చిన్న హీట్‌సింకు మీద విపరీతమైన వేగంతో తిరిగే బుల్లి ఫ్యాను బిగించాడు. హీట్‌సింకు అంటే ప్రాసెసరు నెత్తిన కూర్చునే లోహపు రెక్కల దిమ్మ. ఆ ఫ్యాను కందిరీగలా రొద పెట్టేది.

గోల ఆపడానికి రామునాయుడు బొంత కప్పాడు. బొంత కప్పితే గాలి ఆడదు. గాలి ఆడక వేడెక్కిన యంత్రం కథ సగంలో ఉండగా బిగుసుకుపోయేది. సగంలో ఆగిన కథను బుద్రమ్మ ఆ రోజు మళ్ళీ ఎత్తుకోదు. మర్నాడు వచ్చి మొదటినుంచి చెప్పాల్సిందే. అప్పటికి చేతిలో ఉన్నవి రెండు కథలు, అవీ గబగబా ముగించినట్టుగా ఉన్నాయి. రామునాయుడి పద్ధతికి రికార్డిస్టులు తప్ప ఎవరూ దిగరు. వాళ్ళకు చప్పుడు తప్ప ఇంకో శత్రువు కనిపించదు.

కంప్యూటరును పక్క గదిలో పెట్టవచ్చు కదా అని చదివేవారికి తోచవచ్చు. నాకూ తోచింది. పక్క గది వేరే శాఖవాళ్ళ గోడౌను, తాళం వాళ్ళదే. వరండా ముందు ఊరి బోరింగు, ఎప్పుడూ జనం. టేపు మీద రికార్డు చేద్దామంటే పాత టేపు రికార్డరు మోటారు కాలిపోయింది.

విశాఖ హెడ్డాఫీసుకి ఫోను చేసి ప్రాసెసరు కూలరు, అంటే ఆ హీట్‌సింకూ ఫ్యానూ, మార్చాలని చెప్పాను. అరకు చలి ప్రదేశం కదమ్మా, మళ్ళీ కూలరెందుకు అని మా పై అధికారి అడిగారు. కిటికీలకు కూడా బొంతలు కట్టిన రేకుల గదిలో మధ్యాహ్నం ఒక గంట కూర్చోమని అనబోయి నాలుక కరుచుకున్నాను. రెండురోజులు పోరాక సరేనన్నారు.

విశాఖలో దుకాణదారు ముందుగా నా చేతిలో పెట్టింది ఇంకా వేగంగా తిరిగే ఫ్యాను. బ్రహ్మాండంగా చల్లబరుస్తుందన్నాడు. ఆన్ చేయించి విన్నాను, పక్కకు పెట్టేశాను. చల్లదనం ఫ్యాను వేగం నుంచి మాత్రమే రాదు. రెక్కల వైశాల్యం ఎక్కువుంటే నెమ్మదైన గాలి చాలు. అందుకని రాగి అడుగు, పొడవైన పలుచని రెక్కలు ఉన్న పెద్ద హీట్‌సింకు, దానిమీదకు వెడల్పాటి ఫ్యాను తీసుకున్నాను. దిమ్మ బరువైనది. ప్రాసెసరుకు బిగించి ఘాటు రోడ్డులో తీసుకెళితే ఆ కుదుపులకు చిప్పు అంచు చిట్లిపోతుంది. కాబట్టి యంత్రాన్ని అరకులోనే ఉంచి, దిమ్మను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాను. పక్కసీటు ఆవిడ అది దేవుడి పీటా అని అడిగింది.

పాత హీట్‌సింకు ఊడదీస్తే అడుగున పేస్టు ఎండి సున్నంలా రాలింది. ప్రాసెసరుకూ దిమ్మకూ మధ్య సందులు పూడ్చడానికి పూసే పేస్టు అది. శుభ్రంగా తుడిచి, కొత్తది పలచగా పూశాను. ఫ్యానును పన్నెండు వోల్టుల తీగకు బదులు ఏడు వోల్టులు వచ్చేట్టు కలిపాను. సగం వేగంతో బద్ధకంగా తిరిగింది. యంత్రం అదురు సిమెంటు నేల ద్వారా మైకుకు చేరకుండా ఒక తెగిన హవాయి చెప్పును ముక్కలు కోసి కాళ్ళ కింద పెట్టాను. బొంతను యంత్రం మీంచి తీసి, దానికీ మైకుకూ మధ్య తెరలా వేలాడదీశాను. మధ్యాహ్నమంతా తలుపు మూసి, ప్రాసెసరుకు పూర్తి పని అప్పజెప్పి పరీక్షించాను. బిగుసుకోలేదు. రామునాయుడు హెడ్‌ఫోను పెట్టుకుని చాలాసేపు విన్నాడు. చివరకు, యంత్రం ఆన్‌లోనే ఉందా అని అడిగాడు. ఆ ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పుల్లో అదే పెద్దది.

మర్నాడు ఆకాశం మబ్బు పట్టి ఉంది. బుద్రమ్మ వచ్చి చాపమీద కూర్చుంది. కథ మొదలుపెట్టింది. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయింది. యంత్రం చక్కగా నడుస్తోంది, రామునాయుడు వేలితో సైగ చేస్తూ చెప్పమంటున్నాడు. ఆవిడ మళ్ళీ నాలుగు మాటలు చెప్పి, మళ్ళీ ఆగి, నావైపు తిరిగింది.

"ఏటి గుంటా, ఊ అనవేటి? గోడకి సెప్పమంటావా కత?"

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. చిన్నపిల్లను పిలిచినట్టు నన్ను గుంటా అని పిలిచినవాళ్ళెవరూ అప్పటికి బతికి లేరు. ఆ మాటకు నవ్వొచ్చింది, వెంటనే విషయం బోధపడింది. రామునాయుడు మొదటి రోజు నుంచీ గదిలో అందరి నోళ్ళూ మూయించాడు. వినేవాడు ఊ కొట్టకపోతే కథ ముందుకు పోదు, ఆవిడ లెక్క అది. పాత కథలు రెండూ గబగబా ముగిసింది యంత్రం వల్ల కాదు, ఊ కొట్టే దిక్కు లేక.

నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. భాష రాదు కాబట్టి ఆవిడ ముఖం చూస్తూ, మాట ఆగిన చోటల్లా ఊ అన్నాను. కథ సాగింది. గొంతు పెరిగింది, చేతులు కదిలాయి. పులి వచ్చిన చోట నిజంగానే భయమేసి ఊ కొట్టడం మరిచిపోతే మోకాలి మీద చరిచింది. సాయంత్రం రామునాయుడు నా ఊలన్నీ కత్తిరిద్దామన్నాడు. ఒకచోట కత్తిరించి విన్నాం. కథ చచ్చిపోయింది. మళ్ళీ అతికించాం.

పాత రెండిటితో సహా అన్ని కథలూ అలాగే రికార్డు చేశాం. యంత్రం ఒక్కసారీ బిగుసుకోలేదు. ఆఖరి కథ పూర్తయి బుద్రమ్మ ఇంటికి చేరిన సాయంత్రమే రేకుల మీద పెద్ద వాన పడింది. రామునాయుడూ నేనూ వరండాలో నిలబడి ఆ మోత వింటూ టీ తాగాం. అన్నాళ్ళూ చప్పుడుకు చిరాకుపడిన రామునాయుడు కూడా ఆ మోతలోనే ఇంకో గ్లాసు టీ పోసుకున్నాడు.

బడులు తెరిచాక ఒక ఊళ్ళో టేపు ప్లేయరు బాగుచేయడానికి వెళ్ళాను. బాగయిందో లేదోనని కేసెట్టు పెట్టాను. బుద్రమ్మ మాట ఆగింది, టేపులో నేను ఊ అన్నాను. గదిలో పిల్లలందరూ నాతోపాటే ఊ అన్నారు. నేను స్క్రూలు బిగించుకుని, కథ అయ్యేదాకా ఆగి వచ్చేశాను.

అనవసరమైన చప్పుడును యంత్రంలో వెతికి తగ్గించడం నేను చదువుకుని నేర్చుకున్నాను. అవసరమైన చప్పుడు ఏదో ముందుగా మనుషుల్ని అడగాలని అరకులో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ రికార్డింగు గదికి వెళ్ళినా, పెట్టె తెరవకముందే ఆ ప్రశ్న అడిగేదాన్ని.