చేను చూశాకే

రెంటచింతల ఎండకి ఒంట్లో ఏం తేడా వచ్చినా వేడి అనేస్తాం. మా మేనత్తకి మూత్రంలో ఎరుపు కనిపించినప్పుడూ అదే అన్నాం. నేనే బార్లీ నీళ్ళు కాచిచ్చాను, సబ్జా గింజలు నానబెట్టిచ్చాను. రెండ్రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. నొప్పి లేదు కాబట్టి ఇద్దరం ధైర్యంగానే ఉన్నాం. అలా ఒక వేసవంతా పోగొట్టాం. ఇప్పటికీ కొట్లో బార్లీ ప్యాకెట్ కనిపిస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

గుంటూరు డాక్టరు మూత్రాశయంలో క్యాన్సర్ అన్నాడు, కండ దాకా పాకిందన్నాడు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, మూత్రాశయం తీసేసి, పొట్ట మీద చిన్న రంధ్రం పెట్టి, దానికి సంచి తగిలించడం. ఆ సంచి ఇక జన్మంతా ఉంటుంది. రెండోది, మూత్రాశయం ఉంచి, మందులెక్కించి, రేడియేషన్ కరెంటు పెట్టి, మళ్ళీ వస్తుందేమోనని ఎప్పటికప్పుడు కెమెరా వేసి చూసుకుంటూ ఉండటం.

"ఆవిడ విషయంలో నేనైతే ఆపరేషనే అంటాను. కానీ ఒప్పుకోవాల్సింది ఆవిడ. రెండు వారాల్లో చెప్పండి" అన్నాడు.

మా అత్తకి పిల్లల్లేరు, మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మూడెకరాల మిరప తనే చేయిస్తుంది. ఆ రెండు వారాలూ నా నెత్తిన పడ్డాయి. ఆమె మాత్రం ఒకటే మాట పట్టుకుంది.

"ఆ సంచి పెట్టుకున్న ఆడమనిషిని చూపియ్యి. చూశాక చెప్తా."

కొత్త రకం విత్తనాన్ని ఎవరెంత పొగిడినా, ఎవరో ఒకరి చేలో కాపు మీద చూడందే కొనే మనిషి కాదు. ఎవరిదో చేలో కాయ విరిచి చూడటానికి కారంపూడి దాకా బస్సెక్కి వెళ్ళొచ్చింది ఒకసారి.

"ఇదేమన్నా మిరప చేనా అత్తా, పోయి చూసిరావడానికి?" అని అరిచాను.

"పంట పోతే మళ్ళా ఏసుకుంటామే. ఇది మళ్ళా ఏసేది కాదుగా. చూడొద్దంటే ఎట్టా?"

ఆస్పత్రిలో నర్సుని బతిమాలాను. మగవాళ్ళయితే ఉన్నారంది. ఆడవాళ్ళు బయటికి చెప్పుకోరు, అడిగి చూస్తానంది. నాలుగు రోజులు పోయాయి. ఆరు పోయాయి. నేను ఫోను ముందేసుకుని కూర్చుంటే, ఆమె నారుమడికి నీళ్ళు పెట్టించుకుంటోంది. లోపల ఆ గడ్డ రోజుకింత పాకుతున్నట్టే ఉండేది నాకు. తొమ్మిదో రోజు ఫోనొచ్చింది, ఒకావిడ ఒప్పుకుందని.

సత్తెనపల్లి పక్క ఊరు. మంచాన పడి ఉంటుందనుకున్న మనిషి వాకిట్లో కందులు చెరుగుతోంది. మాకు కాఫీ ఇచ్చి, లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరికేసింది. మా అత్త నొప్పి సంగతో, వాసన సంగతో అడుగుతుందనుకున్నాను.

"చీర ఏడ కడతన్నావక్కా?" అంది.

ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత కుచ్చిళ్ళు తీసి చూపించింది. బొడ్డుకి కుడి పక్కన, కొంచెం కిందగా ఉంది.

"మొదట్లో లంగా బొందు సరిగ్గా దీని మీదే పడేది. రెండుసార్లు బస్సులోనే కారిపోయింది, సిగ్గుతో చచ్చాననుకో. ఇప్పుడు పైకి కడతన్నా. నాకు బాగుంది. నీక్కూడా ఇట్టాగే ఉంటదని మాత్రం నేను చెప్పలేనమ్మా."

ఆ చివరి మాటకి నా ప్రాణం ఉసూరుమంది. ఇంత తిరిగింది దీనికేనా అనుకున్నాను. తిరుగు బస్సెక్కాం. పిడుగురాళ్ళ దాటాక మా అత్త అడిగింది.

"చీర తీసేటప్పుడు ఆమె చెయ్యి వణికింది, చూశావా?"

నేను చూడలేదు. సంచినే చూశాను.

"అట్టా వణుకుతానే చూపిచ్చింది. డాక్టర్ని అడిగి డేట్ తీసుకో."

మొదటి నుంచీ ఆపరేషన్ అని పోరింది నేనే. ఆమె ఊఁ అన్న క్షణం నుంచి నాకు భయం పట్టుకుంది. జరగరానిది జరిగితే, ఆ ఊరు తీసుకెళ్ళి చూపించింది నేనే కదా.

ఆపరేషన్ ముందు రోజు, సంచి ఎక్కడ రావాలో గుర్తు పెట్టడానికి నర్సు పెన్ను తెచ్చింది. మా అత్త ఆస్పత్రి గౌను విప్పేసి తన చీర కట్టుకుంది. కూర్చుంది, లేచింది, ఆదివారం చర్చి పూజలో లాగా మోకాళ్ళూనింది.

"ఇదుగో, నా బొందు ఇక్కడ పడుద్ది. దీనికి కిందగా పెట్టమ్మా."

గుర్తు పెట్టడం అయ్యాక మా అత్త నర్సు చెయ్యి పట్టుకుంది.

"ఇంకెవరన్నా ఆడమనిషి చూడాలని అడిగితే నా నెంబరియ్యి."

ఇంకా కత్తి తగల్లేదు. ఈ వయసులో ఎలా తట్టుకుంటుందో ముందే చెప్పలేనని డాక్టరు ఆ పొద్దునే అన్నాడు. నర్సు నా చేతికి పెన్నూ కాగితమూ ఇచ్చింది. మా అత్తకి తన నెంబరు గుర్తుండదు, ఎప్పుడూ నేనే చెప్పాలి. ఏడో అంకె రాశాక చెయ్యి సాగలేదు.

"ఏమే, రాయవే" అంది.

మిగతా మూడూ రాశాను.