బట్ నంబర్ పదిహేడు

రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం నన్ను పటాన్‌చెరు దగ్గరి ఒక సాయుధ పోలీసు దళానికి ఆర్మరర్‌గా వేశారు. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు. హోదాకు హెడ్ కానిస్టేబులే అయినా కోత్ తాళంచెవి నా నడుముకే ఉండేది. ఆయుధాలు భద్రపరిచే గదిని మేం కోత్ అంటాం. నా పనిని వేలెత్తి చూపించే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

కోత్‌లో ప్రతి రైఫిల్‌కూ రెండు నంబర్లుంటాయి. తయారైన చోటే ఉక్కు మీద చెక్కినది బాడీ నంబర్. అది పొడుగు, అక్షరాలు చిన్నవి. భుజానికి ఆనించే కట్టెభాగాన్ని బట్ అంటారు. దాని మీద మేం తెల్ల పెయింటుతో పెద్దగా వేసుకునేది బట్ నంబర్. పొద్దున రైఫిల్ తీసుకునేవాడు "పదిహేడు" అంటాడు, పదిహేడు చేతికిస్తాం. ఉక్కు మీద ఏముందో చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

నేను మరమ్మతుల శిక్షణకు వెళ్లి తిరిగొచ్చేసరికి దళంలో ఒక పంచాయితీ నడుస్తోంది. పద్మ అనే కానిస్టేబుల్, పాశమైలారం పక్క ఊరి పిల్ల, రాష్ట్రస్థాయి ఫైరింగ్ పోటీల జట్టుకు ఎంపికైంది. మా దళం నుంచి అంతవరకు ఆడవాళ్లెవరూ వెళ్లలేదు. అలాంటిది, ఈ మధ్య ఆమె గుండ్లు టార్గెట్ మధ్యలో పడటమే లేదట. పైకి పేర్లు పంపాల్సిన రోజు దగ్గరపడింది. ఆమె పేరు కొట్టేస్తానని మా పై అధికారి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారు తేల్చేశారు.

ఆయన మంచి షూటర్. పద్మ వాడే పదిహేడును పక్కన పెట్టి, అదే రకం, దానితోపాటే వచ్చిన ఇరవై మూడును తీసుకుని తానే కాల్చి చూశారట. గుండ్లన్నీ నడిమధ్యన పడ్డాయి. "రెండూ ఒక్క తల్లి పిల్లలే. గిది కొడ్తలేదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది ఆమె కథ" అన్నారు నాతో.

మనిషీ మారి, రైఫిలూ మారితే అది పోలిక ఎట్లా అవుతుంది? ఆ మాట పైకి అనలేదు గానీ, పద్మ కాల్చిన టార్గెట్లు తెప్పించుకుని చూశాను. ఐదు గుండ్లూ అరచేయంత చోటులో గుంపుగా ఉన్నాయి. కాకపోతే ఆ గుంపు కింద, ఎడమవైపు పడింది. జంకి ట్రిగ్గర్ గుంజేవాళ్ల గుండ్లు చెల్లాచెదురవుతాయి. ప్రతిసారీ కొలిచినట్టు ఒకే రకంగా జంకడం ఎవరి తరమూ కాదు. గురి ఆమెకుంది, రైఫిల్ మీద గురి చూసే సైట్లే తప్పు చూపిస్తున్నాయి. కానీ పదిహేడుకు సైట్లు సరిచేసి, అంటే జీరో చేసి, ఆమెకిచ్చి వెళ్లింది నేనే.

పిలిచి అడిగితే పద్మ కోపంగానే చెప్పింది. "నాది గురి తప్పలే సార్. అన్ని ఒక్కతాననే పడుతున్నయి గదా. రైఫిలే ఏమో అయ్యింది. చెప్తే నవ్వుతున్నరు."

మర్నాడు ఫైరింగ్ రేంజ్‌లో ఎర్రజెండా ఎగరేయించాను. గుండ్లు ఆపే మట్టికట్ట అవతలంతా ఫ్యాక్టరీలే. గాలి అటునుంచి తిరిగితే మందుల కంపెనీల వాసనకు ముక్కు పగిలిపోతుంది. ఆ రోజు గాలి లేదు, కాల్చడానికి అదే మేలు. రెండు రైఫిళ్లనూ మీరే కాల్చాలని ఇన్‌స్పెక్టర్ సార్‌ను అడిగాను. నంబర్లు కనబడకుండా బట్‌లకు గుడ్డలు చుట్టాను. పేరు తెలిస్తే చెయ్యి కూడా పక్షపాతం చూపిస్తుంది. "ఏందయ్యా గీ దాగుడుమూతలు?" అంటూనే ఒప్పుకున్నారు. ఒకే పెట్టెలోని తూటాలు, ఒకే ఇసుకబస్తా, వంద గజాల దూరం. ఒకదానితో ఐదు, రెండోదానితో ఐదు, గొట్టాలు చల్లారాక మళ్లీ.

టార్గెట్లు తెచ్చి పరిచాను. ఒక రైఫిల్‌వి మధ్యలో పడ్డాయి. రెండోదానివి కింద, ఎడమవైపు. పద్మ టార్గెట్‌ను దాని పక్కన పెట్టాను. అచ్చు అదే. మనిషికీ మనిషికీ జీరో కాస్త మారొచ్చు గానీ జానెడు మారదు.

గుడ్డలు విప్పాను. తప్పుగా కొట్టింది పదిహేడే. "నువ్వు జీరో చేసిందే గదా?" అన్నారు సార్, కొంచెం ఆశగా. నా చేతుల మీదుగా పోయిన బాడీ నంబర్లు నాకు కంఠతా వచ్చు. రెంటినీ తిప్పి ఉక్కు మీద చదివాను. "కాదు సార్. పదిహేడు బట్‌కు ఇరవై మూడు బాడీ ఉన్నది. దీని బట్ దానికి పెట్టిన్రు."

నేను లేనప్పుడు, ఇన్‌స్పెక్షన్ ఉందని బట్‌లన్నీ ఊడదీయించి, నూనె పట్టించి, కొత్త పెయింటు వేయించింది సారే. ఎండలో ఆరబెట్టినవాటిని తిరిగి బిగించే తొందరలో రెండు తారుమారయ్యాయి. సెంట్రీ డ్యూటీకి తప్ప వాడని, ఏళ్లుగా జీరో చూడని రైఫిల్ పద్మ చేతికొచ్చింది. ఆమె రైఫిల్‌తోనే గురి కొట్టి, సార్ ఆమెకు గురి లేదన్నారు.

పద్మ అటెన్షన్‌లో నిలబడే ఉంది. "నా పేరు పంపుతరా సార్?" అని మాత్రం అడిగింది. ఆయన అసలు పదిహేడును ఆమె చేతికిచ్చి, "ముందుగాల కొట్టి చూపియ్" అన్నారు. ఐదు కొట్టింది. టార్గెట్ మధ్యనున్న నల్లచుక్క చిరిగిపోయింది. పేరు ఆ సాయంత్రమే వెళ్లింది. నాకు పట్టరాని సంతోషమైంది. అందులో సగం ఆమె కోసం, సగం నా జీరో నిలిచినందుకు.

సామెత మద్దెలను చూడకుండానే తీర్పు చెప్పేస్తుంది. మద్దెల నిజంగానే ఓటిదైన రోజులుంటాయి. మనిషిని తీసెయ్యడానికి ముందు దాన్ని ఒకసారి వాయించి చూడటం అధికారి పని.

ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ కోత్ కిటికీలో పెయింటు నంబర్ చెబితే రైఫిల్ ఇవ్వలేదు. ఉక్కు మీది నంబర్ పైకి చదవమనేవాణ్ని. అందరూ విసుక్కున్నారు. సార్ కూడా విసుక్కుంటూనే, కళ్లద్దాలు పెట్టుకుని చదివారు.