ఆవుల అంకుల్ పిసినారితనం

మనలో ఒకావిడ మొన్న గ్రూపులో రాసిన మాటని ముందు సరిదిద్దాలి. ఆవుల అంకుల్ పోయారని ఆయన భార్య కబురు పెట్టిన కాసేపటికే, "పాపం, మంచాయనే గానీ ఆవులకి చెత్త పెట్టి నెట్టుకొచ్చాడు" అన్నారామె. చెత్త కాదమ్మా. టోఫూ చేసేవాళ్ళు పాలు పిండుకోగా మిగిలిన సోయా పిప్పి. పొద్దున్నే తనే వెళ్ళి తెచ్చి, పచ్చగడ్డిలో కలిపి పెట్టేవారు.

కొత్తవాళ్ళకి తెలియాలి కాబట్టి చెబుతాను. ఆయన మలేషియాలో పుట్టిన తెలుగాయన. ఈ దేశమొచ్చి, ఊరి అంచున కాస్త జాగా అద్దెకు తీసుకుని నాలుగు ఆవుల్ని పెంచారు. మన గృహప్రవేశాలకి ఆవునీ దూడనీ వ్యాన్‌లో తెచ్చేది ఆయనే.

పిప్పి ఊరికే వస్తుంది. కానీ ఇక్కడి ఉక్కకి మధ్యాహ్నానికల్లా పులిసిపోతుంది. ఓసారి నా కళ్ళ ముందే సగం డ్రమ్ము పారబోశారు. "ఊరికే వచ్చిందేగా, పెట్టేయొచ్చుగా?" అన్నాను.

"ఊరికే వచ్చింది నాకక్కా. కడుపునొప్పి వచ్చేది దానికి."

వ్యాన్‌లో ఏసీ చెడిపోయి ఏళ్ళయినా బాగుచేయించలేదు. కొట్టంలో ఫ్యాను ఆగితే మాత్రం ఆ పూటే మనిషిని పిలిపించేవారు. ఖర్చు తగ్గించుకోవడమంటే తన ఒళ్ళు వంచడమని ఆయన లెక్క. మనమేమో పిసినారి అన్నాం.

మా మనవరాలి గృహప్రవేశం యూ టీ పేటలో, తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో. ఆవు ఫ్లాట్‌లోకే రావాలని అందరం పట్టుబట్టాం. ఆయనేమో బిల్డింగు కింది ఖాళీ జాగాలో నున్నటి నేల మీద రబ్బరు చాపలు పరుస్తున్నారు. డెక్కలు జారకూడదట.

"ఇక్కడే పూజ. లిఫ్ట్‌లో బెదురుతుంది" అన్నారు.

"ఫైవ్ మినిట్స్ ఓన్లీ అంకుల్, కెన్ లా, అయిపోతుంది!" అంది మనవరాలు.

"ఫైవ్ మినిట్స్ నీకు పాపా. ఆవుకి గడియారం చూడ్డం రాదు."

ఆ తర్వాత ఆవుకి పెడదామని చక్కెర పొంగలి పళ్ళేలతో ఆడవాళ్ళు బయల్దేరితే చేతులు చాచి అడ్డం నిలబడ్డారు. అంత అన్నం తింటే పొట్ట ఉబ్బుతుంది, మనిషికో అరటిపండు చాలు, అన్నారు. "మన పొంగలి, ఆయనకేం నొప్పి!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అందరిలో నేనూ ఉన్నాను. నా గొంతు ఎంత పెద్దదో మీకు తెలుసు.

అయినా ఇవాళ నన్ను తలెత్తనివ్వనిది అది కాదు. ఆయన పోయిన కబురు కింద గ్రూపులో వచ్చిన మొదటి ప్రశ్న: "అయ్యో! మరి మా గృహప్రవేశానికి ఆవు?" రాసినావిడని తిడదామని ఫోను తీసుకున్నాను. తిట్టలేకపోయాను. మా చిన్న మనవడి ఫ్లాటు తాళాలు వచ్చే నెల చేతికొస్తాయి. నా బుర్రలోనూ ముందు మెదిలింది ఆవే. ఆయన మొహం ఆ తర్వాత గుర్తొచ్చింది. ఇంత చదువూ ఇంత వయసూ ఉండి, వరసలో మనిషిని ఆవు వెనకాల నిలబెట్టాను. ఆవు మీద ప్రేమ అనుకునేరు, దాని మేత సంగతి అసలు తట్టనే లేదు.

నిన్న అంకుల్ భార్యని చూసొచ్చాను. మోకాళ్ళు పట్టేసి, గంప ఎత్తలేకపోతోంది. ఆవుల్ని కొంటానని ఒకతను వచ్చాడట. ఎందుకని అడిగితే నసిగాడట. "మా మరిది వచ్చే వారం మలేషియాలో పేరాక్ నుంచి వస్తాడక్కా, వచ్చి వీటిని చూసుకుంటానన్నాడు. అందాకా మేత గడిస్తే అమ్మను" అంది.

కాబట్టి వినండి. రేపటి నుంచి మార్కెట్‌కి వెళ్ళినవాళ్ళు కూరగాయల అతన్ని మొక్కజొన్న పొత్తుల పచ్చి తొక్కలు అడగండి. ఎలాగూ పారేసేవే, ఇస్తాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి యూ టీ రైలు స్టేషన్ బయట మా అల్లుడు కారుతో ఉంటాడు. వాడిన తొక్కలూ, బూజు పట్టినవీ వద్దు. సంచి మూతి కట్టొద్దు, లోపల ఉడికిపోతాయి. ఇచ్చే ముందు ఒక్కొక్కటీ విప్పి చూసి రబ్బరు బ్యాండ్లూ, స్టికర్లూ తీసేయండి. అవి ఏరే మనిషి ఇప్పుడు అక్కడ లేడు.