పెరటి గుమ్మం అనుభవం

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో నాకో కుర్చీ మీద మనసు పడింది. చోడవరం మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్లో, బిల్లింగ్ కౌంటర్ వెనకాల ఉండే తిరిగే కుర్చీ. ఏసీ గాలి, చేతిలో బార్‌కోడ్ కొట్టే మిషను, ఎదురుగా వరసలో జనం. జనం నిలబడి ఉంటే మేము కూర్చుని ఉండడం మా వంశానికి కొత్తేమీ కాదు. మధ్యలో రెండు తరాలు ఆ అలవాటు తప్పింది, అంతే.

దేవరాపల్లి వైపు మా చెరకు తోటలు ఎంత దూరం ఉండేవో ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చేతులు చాపి చెబుతారు. నేను చూడలేదు. నేను పుట్టేసరికి మిగిలినవి ఒక పెంకుటిల్లు, తాతగారి నిటారు వీపు. ఇల్లు కారుతుంది కానీ వీపు వంగలేదు. అది నాకూ వచ్చింది. అందుకు నాకు సంతోషమే.

వేసవి రెండు నెలలకి మనుషులు కావాలనీ, రెజ్యూమే తీసుకుని రమ్మనీ షాపు అద్దానికి కాగితం అంటించారు. ఉద్యోగమంటే తాతగారు మొహం ముడుచుకుంటారనుకున్నాను.

"కూర్చుని సేసేదేనేటి?" అని అడిగారు.

"కూర్చునే, తాతగారూ."

"అయితే సరే. రెజ్యూమే అంటే బయోడేటాయే కదే. ఎవరింటి పిల్లవో రాస్తే సాలు, మిగతాది ఆళ్లకే తెలుస్తాది."

ఆయన పడక్కుర్చీలోంచి చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను. ముత్తాతగారు, ఆయన అన్నగారు, వాళ్లు కట్టించిన సత్రం, వాళ్లింట్లో భోంచేసి వెళ్లిన కలెక్టరు. నాకూ బాగానే అనిపించింది. అబద్ధం ఒక్కటీ లేదు మరి.

నెట్ సెంటర్ అతనికి కాగితం ఇచ్చి బయోడేటా కొట్టమన్నాను. అతని కంప్యూటర్లో బయోడేటా అంటే ఒకటే ఉంది. పైన వినాయకుడు, చుట్టూ పూల అంచు.

"అప్పుడే సంబంధాలు సూసేత్తన్నారేటమ్మా?" అన్నాడు.

"కాదు, ఉద్యోగానికి."

"ఏదైతేనేటి, ఫార్మాట్ ఒకటే. గోత్రం సెప్పు. నక్షత్రం? రంగు ఏటని కొట్టమంటావు, సామనసాయా?"

"రంగు వదిలెయ్యండి. ముత్తాతగారి పేరా పూర్తిగా రావాలి."

"పేజీ సాలదమ్మా."

"అక్షరాలు చిన్నవి చెయ్యండి."

చిన్నవి చేశాడు. కలర్ ప్రింటు తీయించుకుని, మడత పడకుండా ఫైల్లో పెట్టుకుని, నేరుగా షాపుకి వెళ్లాను.

షాపు మేనేజరు వడ్డాది నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే ఒక మేడమ్. పచ్చళ్ల సీసాలు సర్దిస్తూ నిలబడే చదివారు. వినాయకుడి దగ్గర ఆగారు. సత్రం దగ్గర ఆగారు. కలెక్టరు దగ్గర కళ్లజోడు సర్దుకున్నారు.

"ఉద్యోగం మీ ముత్తాతగారికేటమ్మా? ఆయన రాగలరా?"

పక్కన అట్టపెట్టెలు విప్పుతున్న అమ్మాయిలు ఇద్దరూ కిసుక్కుమన్నారు. నేను కదల్లేదు.

"లేదు మేడమ్. నాకే."

"మరి ఇందులో నీదేటుంది? నక్షత్రం తప్ప?" గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నారు. "నీకేటొచ్చో, ఇన్నాళ్లూ ఏటి సేసేవో రాసి రేపొద్దున్న తే. రేపే ఆఖరు. నీకు పద్దెనిమిది నిండలేదు, ఇంటి పెద్ద సంతకం కూడా ఉండాలి."

రావికమతం వైపు వెళ్లే షేర్ ఆటోలు పిలుస్తున్నా ఎక్కకుండా, ఇంటిదాకా నడిచాను. నడిస్తే కోపం తగ్గుతుంది. తగ్గాక మేడమ్ అడిగిన ప్రశ్నే మిగిలింది. నాకేం వచ్చు?

వచ్చు. అయితే అది మా ఇంట్లో పైకి అనకూడని సంగతి. మా అమ్మ జంతికలు, సున్నుండలు చేసేది. ఊళ్లోవాళ్లు పెరటి గుమ్మం దగ్గరికి ఖాళీ డబ్బాలు పట్టుకుని వచ్చేవారు. "మీ అమ్మగారు ఇస్తానన్నారండి" అనేవారు. మేము 'ఇచ్చేవాళ్లం'. ధర ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. గోడ గూట్లో బోర్లించిన గ్లాసు కింద నోట్లు పెట్టి వెళ్లిపోయేవారు. ఆ వేళకి తాతగారు వీధి అరుగు మీద పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేవారు. పొద్దున చదివిన పేపరే.

తూకం వేసేది నేను. కవర్లు అంటించేది, ఎవరి డబ్బా ఎవరిదో గుర్తుపెట్టుకునేది, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేది నేనే. జంతిక మెత్తబడిందని ఎవరైనా గొడవకొస్తే ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేది కూడా నేనే. ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద నా చేత్తోనే రాశాను. పైన నా పేరు, మధ్యలో 'అనుభవం' అని, దాని కింద 'మా అమ్మగారి పిండివంటల అమ్మకంలో సహాయకురాలిగా పనిచేశాను' అని. 'అమ్మకం' రాసేటప్పుడు కలం ఆగింది. ఆ మాట మా ఇంట్లో అంతవరకూ ఎవరి నోటా నేను వినలేదు. ఇప్పుడు దాని కిందే తాతగారి సంతకం కావాలి. ఆయన పెట్టకపోతే ఆ కుర్చీ లేనట్టే.

తాతగారు కాగితం దూరంగా పట్టుకుని చదివారు. వంటింటి గుమ్మంలో అమ్మ పిండి చేతులతో నిలబడిపోయింది. ఆయన ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివారు.

"మీ ముత్తాత ఏడే ఇందులో?"

"ఆయన ఏటి సేసేరో కాదు, నేనేటి సేసేనో కావాలట తాతగారూ."

"అమ్మకం అని రాసేవు."

"రాసేను."

ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తల దించుకుంది. తర్వాత ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"అది కాదే. ఇదేటి, సహాయకురాలా?" వేలితో కాగితం మీద కొట్టారు. "మనింట్లో ఎవరూ ఎప్పుడూ ఒకరి కింద సహాయకులుగా లేరు. ఇన్నాళ్లనుంచీ సూత్తన్నాను, ఆ పెరట్లో నడిపేదంతా నువ్వూ మీ అమ్మానూ. 'నడిపేను' అని రాయి. మీ అమ్మ పేరు కూడా రాయి. అప్పుడు తే, సంతకం పెడతాను."

పేపరు అడ్డం పెట్టుకుని ఆయన అన్నీ చూస్తూనే ఉండేవారన్నమాట. అమ్మ లోపలికి వెళ్లి, మూకుడులో గరిటతో కాస్త గట్టిగానే చప్పుడు చేసింది. నేను కొత్త కాగితం తీసి, ఆయన చెప్పినట్టే రాశాను. ఆయన సంతకం అడుగున ఎడమ నుంచి కుడి అంచుదాకా పరుచుకుంది.

మర్నాడు మేడమ్ ఆ కాగితం కౌంటరు మీద పెట్టుకుని, ఈసారి కూర్చుని చదివారు.

"నడిపేవా? సాయం సేసేవేమో."

"లేదు మేడమ్. అమ్మా నేనూ నడిపేం."

"గొడవకొచ్చినోళ్లకి మంచినీళ్లిచ్చేదానివా?"

"తాగేలోపు గొంతు తగ్గిపోతాది మేడమ్."

ఆవిడ నవ్వు ఆపుకున్నారు. "సూడమ్మా, ఇక్కడ నడిపేది నేను. నువ్వు నేను సెప్పింది సెయ్యాలి. సేస్తావా?"

ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరినైనా ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. అడిగినా ఏం జవాబు చెప్పారో తాతగారు నాకు రాయించలేదు. నిటారుగానే నిలబడి, "సేస్తాను మేడమ్" అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు.