గాల్లో తిరిగిన డ్రిల్లు

ఆ మధ్యాహ్నం గోడక్క తన కూతురింట్లో సొరుగుల బీరువాని భుజంతో ఆపి నిలబడింది. ఎడమచేత్తో మనవరాలి గౌను పట్టుకుంది. పిల్ల కింది సొరుగు మీద కాళ్లు పెట్టి, పై సొరుగు పట్టుకుని వేలాడుతోంది. "అమ్మమ్మా, మెట్లు!" అంది సంబరంగా.

ముందు పిల్లని దించింది. తర్వాత సొరుగులు ఒక్కొక్కటే మోకాలితో నెట్టి మూసింది. బీరువా వెనక్కి వాలి గోడకి ఆనుకునేదాకా ఊపిరి వదల్లేదు. మోచెయ్యి గీరుకుపోయి మండుతోంది. దాని సంగతి తర్వాత. అసలు ఈ బీరువా కదలకూడదు. దీన్ని గోడకి బిగించింది తన సొంత తమ్ముడు.

గోడక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ పట్టదు. బీరువాలూ, పుస్తకాల అరలూ, టీవీ బల్లలూ పిల్లల మీద పడకుండా గోడకి బిగించడం ఆమె పని. ఏ ఇంటికెళ్లినా ముందు వేలి కణుపులతో గోడని తడుతుంది. ఇటుక గోడ మొద్దుగా పలుకుతుంది. పైపూత దాటి ఇటుకలోకి ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి, అందులో స్క్రూ బిగిస్తే చాలు. కాంక్రీటు దగ్గర డ్రిల్లు మొండికేస్తుంది, మనం ఓపిక పట్టాలి. తంటా అంతా బోర్డు గోడలతోనే. పైకి గోడలా ఉంటుంది, లోపల డొల్ల. ఆ డొల్లలో స్క్రూ బిగించడం అట్టపెట్టెకి మేకు కొట్టడంతో సమానం. బోర్డు వెనక నిలువుగా నిలబెట్టిన కర్ర ఎక్కడుందో తట్టి తట్టి పట్టుకుని, సరిగ్గా దానిలోకే స్క్రూ దించాలి. అలా తట్టడంలో ఆమెకి పేరుంది. పేరే అయిపోయింది.

అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసే పనికి వెళ్తారు. అక్క గోడ తట్టి పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెడుతుంది, తమ్ముడు అక్కడ డ్రిల్లు పెడతాడు. అతను గుర్తు గురించి నోరెత్తడు. ఆమె బిగింపుని లాగి చూడదు. పని మొదలెట్టిన కొత్తలో ఒకళ్ల పని ఒకళ్లు పరీక్ష చేసి, పరాయి ఇంట్లో ఇంటివాళ్ల ఎదుటే జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఆ ఇంటివాళ్లు సంచీతో సహా ఇద్దర్నీ బయటికి పంపేశారు. అప్పట్నుంచీ ఈ ఒప్పందం. ఎవరింట్లో ఏ బీరువా కనపడ్డా చెయ్యేసి లాగి చూడందే కూర్చోని మనిషి, తమ్ముడు బిగించినదాన్ని మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకుంది. పిల్లకి నాలుగు గిన్నెలిచ్చి మంచం మీద కూర్చోబెట్టి, బీరువాని పక్కకి జరిపింది.

బీరువా నెత్తిన ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు రెండూ ఉన్నాయి. చెక్కలోకి దిగిన స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. గోడవైపు స్క్రూలు నేలమీద దొర్లుతున్నాయి. వంగి ఏరింది. అవి స్క్రూలు కావు, ఒట్టి తలకాయలు. మెడ దగ్గర రంపంతో కోసేసి, జిగురుతో పట్టీలకి అంటించారు. పట్టీల్ని కూడా గోడకి జిగురుతోనే అంటించారు. గోడ మీద తను పెట్టిన ఇంటూ గుర్తులు అలాగే ఉన్నాయి. వాటి మధ్య బెజ్జాల్లేవు.

గోడక్క నేలమీద చతికిలబడింది. బీరువా బిగించిన రోజు గుర్తులు పెట్టడం ఆలస్యం, కూతురొచ్చి "అమ్మా, చాయ్ చల్లారిపోతోంది, రా" అని చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లింది. అక్కడ కూర్చుని డ్రిల్లు మోత విన్నది. కూతురింటిది బోర్డు గోడ. డ్రిల్లు కర్రలో దిగుతున్నప్పుడు మోత బరువెక్కుతుంది. ఆ రోజు ఎక్కలేదు. కొత్త బిట్టు కొన్నాడేమోలే అనుకుంది. పరాయివాడి చేతిలో డ్రిల్లయితే చాయ్ వదిలేసి లేచేది.

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే గోడక్క ఎదురెళ్లి తలకాయలున్న అరచెయ్యి చాపింది.

"ఏంటే ఇవి?"

కూతురు తలకాయల్ని చూసింది, తల్లి మోచేతిని చూసింది. "పిల్లకేమైనా అయిందా?"

"అవలేదు. అడిగినదానికి చెప్పు."

"ఇల్లుగలాయన గోడకి ఒక్క బెజ్జం పడ్డా ఖాళీ చెయ్యమన్నాడమ్మా. నీకు చెబితే ఊరుకుంటావా? సరాసరి ఆయన మీదకి పోతావు."

"ఆయనతో మాట్లాడేశానత్తయ్యా అన్నాడు కదే మీ ఆయన!"

"నీ నోరు మూయించడానికి అలా అన్నాడు. బీరువా బరువుగానే ఉందిగా, పడదులే అనుకున్నాం."

"ఆ చాయ్?"

కూతురు చెప్పులవైపు చూస్తూ నిలబడింది. "నువ్వు పక్కనే ఉంటే తన చేతులాడవన్నాడు మామయ్య."

గోడక్క ఫోన్ చెయ్యగానే తమ్ముడు వచ్చాడు. సంచి గుమ్మంలో దించుతూనే మొదలెట్టాడు. "ఏంటక్కా అంత అర్జంటు? మనవరాలికి సంబంధమేమైనా కుదిరిందా?"

ఆమె అరచెయ్యి చాపింది. అతని నవ్వు ఆగిపోయింది. మేనకోడలి వైపు చూశాడు. ఆమె పిల్లనెత్తుకుని కిటికీ దగ్గరికి జరిగింది.

"అమ్మడు బతిమాలిందక్కా. చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిప్పినదాన్ని కాదనలేకపోయాను."

"ఎక్కడ కోశావు వీటిని?"

"ఇంటి దగ్గర."

"అంటే ముందే కోసి జేబులో వేసుకొచ్చావు. నేను మోకాళ్ల మీద కూర్చుని గోడంతా తట్టుకుంటూ పోతుంటే పక్కనే నిలబడ్డావు. పెన్సిల్ కూడా చెక్కిచ్చావు కదరా!"

తమ్ముడు కాలితో సంచిని గోడవైపు నెట్టాడు.

"మరి డ్రిల్లు?"

"గాల్లో తిప్పాను. నీకు వినపడాలని." ఆమె మొహం చూసి, "తిట్టక్కా, నాలుగు తిట్టు. అలా చూడకు," అన్నాడు.

"ఇంకెవరెవరిళ్లల్లో తిప్పావురా గాల్లో?"

"ఛ, ఛ! ఇదొక్కటేనక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు? నిన్ను నమ్మేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల మీద వెయ్యి."

సంచిలోంచి డ్రిల్లూ, కొత్త స్క్రూలూ తనే తీసింది. కూతురు "అమ్మా, ఇల్లుగలాయన..." అంటూ గొణిగింది.

"వస్తే నన్ను చూపించు. సామాను సర్దుకోవాల్సొస్తే మా ఇంట్లో రెండు గదులున్నాయి. బీరువా పట్టుకో."

అలవాటు కొద్దీ బీరువా పట్టుకోబోయాడు తమ్ముడు. "నువ్వు కాదు," అంది. అతను చేతులు వెనక్కి తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇంటూ గుర్తు మధ్యలో బిట్టు ఆనించి నొక్కింది. బోర్డు దాటగానే మోత బరువెక్కింది. స్క్రూలు చివరిదాకా బిగించి, పట్టీల్ని రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేసి లాగింది. గోడ కిక్కురుమనలేదు. డ్రిల్లు తిరిగి తమ్ముడి సంచిలో పెట్టి, సంచి అతని చేతికిచ్చింది. "రేపు ఏ ఇంటికక్కా?" అని అడిగాడతను. ఆమె మనవరాలికి చెయ్యూపి మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కతే బయల్దేరింది. మొదట టీచరమ్మ ఇల్లు. అక్కడ తమ్ముడు పుస్తకాల అర బిగించి ఏడాది దాటింది.

"తమ్ముడు రాలేదేం?" అంది టీచరమ్మ తలుపు తీస్తూ.

"రాలేదండీ. ఒకసారి చూసి పోతాను."

కుర్చీ ఎక్కి పట్టీ పట్టుకుని లాగింది. కదల్లేదు. మళ్లీ లాగింది.

"గట్టిగానే ఉందిగా?"

"గట్టిగానే ఉందండీ," అంది కుర్చీ దిగి. కుర్చీ దాని చోట పెట్టేసి, వెళ్లి పక్కింటి తలుపు తట్టింది.