మడుగుకు పోయే డొంక

నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. మా పుట్టింటి వాకిట్లో నిలబడితే అలలు కనబడేవి. పామర్రు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాకే, నీళ్ళు అందరివైనా వాటి దగ్గరకు పోయే నేల ఒకరి గుప్పిట్లో ఉండవచ్చని తెలిసింది.

మా అత్తవారి పల్లె అంతా ఒక మడుగు మీద బతికేది. అది సర్కారు పోరంబోకు. నడి వేసవిలోనూ ఎండని ఆ మడుగులో కొర్రమేనులు, జెల్లలు దొరికేవి. మగవాళ్ళు పట్టేవాళ్ళు, ఆడవాళ్ళం గంపలకెత్తుకుని పామర్రులో అమ్మేవాళ్ళం. మడుగుకు నాలుగు వైపులా ఒకే ఆసామి పొలం. ఆ పొలం మధ్యగా మా పల్లె నుంచి మడుగు దాకా ఒక డొంక ఉండేది. ఎడ్లబండి సులువుగా పోయేంత బాట.

దివిసీమ ఉప్పెనకు రెండేళ్ళ ముందు వేసవిలో ఆసామి ఆ డొంకను ట్రాక్టరుతో దున్నించి పొలంలో కలిపేశాడు. పల్లె వైపు డొంక మొదలయ్యే చోట ముళ్ళకంప అడ్డం వేయించాడు.

మా ఆయనా మరో నలుగురూ వెళ్ళి అడిగారు. ఆసామి అరుగు మీద నుంచి లేవకుండానే, "మడుగు గవర్నమెంటుదే. కాదని నేనన్నానా? పొలం మాత్రం నాది. పైనించి ఎగిరిపోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడట. పక్కనున్నవాళ్ళు నవ్వారట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా ఆయన తల ఎత్తలేదు.

మా అత్త పొయ్యి ఊదుతున్నదల్లా ఆపి, "ఎగరమన్నాడా? మనమేమన్నా కొంగలమంట్రా?" అంది.

అత్త పొట్టి మనిషి. చిన్నతనంలోనే మొగుడు పోతే చేపల గంప మోసి ఇద్దరు పిల్లల్ని పెంచింది. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని కరణం గారింటికి వెళ్ళింది.

"డొంక మ్యాపులో ఉందమ్మా. భూమ్మీదే లేదు. లేనిదాన్ని నేనెక్కడ చూపించను?" అన్నాడాయన.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ పల్లె ఆడవాళ్ళలో రాయడం వచ్చింది నాకొక్కదానికే. అర్జీ రాశాను. తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగాం. మూడోసారి వెళ్ళినప్పుడు గుమాస్తా విసుక్కుంటూనే మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. మడుగు ఉంది. దాని దాకా రెండు సన్నని గీతలు, మధ్యలో 'డొంక' అని చేతిరాత. చదివి వినిపిస్తే అత్త ఆ గీతలను వేలితో తడిమి చూసింది. మా నడక కాగితం మీదికి ఎక్కి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాట్లయ్యాక సర్వేయరు గారొస్తారు" అన్నాడు గుమాస్తా.

"నాట్లయ్యాక వచ్చి ఏం చూస్తారండీ? వరి చూస్తారు" అంది అత్త.

"ఎమర్జెన్సీ రోజులమ్మా. గొడవలు పెట్టుకోకండి. లోపలేస్తారు."

కాలవలకు నీళ్ళు వదిలారు. పొలం దమ్ము చేశారు. నాట్లు మొదలైన రోజు పొద్దున అత్త కర్రతో ముళ్ళకంప పక్కకు నెట్టి బురదలోకి దిగింది. డొంక ఎక్కడుండేదో నాకు ఆనవాలు దొరకలేదు. అత్తకు దొరికింది. చేలో అంతా మోకాలి లోతు దిగబడుతున్నా, ఒక్క ఆ బారున మాత్రం చీలమండ దాకే దిగుతోంది. అన్ని తరాల కాళ్ళు తొక్కిన నేలను ట్రాక్టరు మెత్తబరచలేకపోయింది. అత్త దాని నడిమధ్యన కాళ్ళు చాపుకుని, గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆసామి గట్టు మీదకొచ్చి, "ఏమ్మా, మతిపోయిందా? లే, నాటుకోవాలి" అన్నాడు.

"నాటుకోండి బాబూ. నన్నూ కలిపి నాటుకోండి. ఏం పండుతానో చూద్దాం."

నాటేవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆసామి మొహం ఎర్రబడింది. పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలవండి. వచ్చేటప్పుడు మ్యాపు తెమ్మనండి" అంది అత్త.

మా ఆయన దూరం నుంచి వద్దని చెయ్యి ఊపుతున్నాడు. వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఇంకొకామె వచ్చింది. మధ్యాహ్నానికి ఆ బారు పొడుగునా పదకొండు మందిమయ్యాం.

నాటే ముఠాకు పెద్ద మా దగ్గర చేపలు కొనే ఆవిడే. నడుం నిటారుగా చేసి, "మనుషుల మీద నాటలేమండీ" అని ఆసామితో అనేసింది. అటు గట్టు నుంచి మా దాకా, ఇటు గట్టు నుంచి మా దాకా నాటి, మేం కూర్చున్న బారును వదిలేశారు.

మూడు రోజులు వంతులు వేసుకుని కూర్చున్నాం. నా కాళ్ళ వేళ్ళ సందులు ఒరిసి నెత్తురు వచ్చింది. మూడోనాడు ఆసామి మనిషిని పంపాడు. "మా కామందు గారు దయదల్చారు. ఆయన పేరు చెప్పుకుని నడవమన్నారు. ఎవరూ ఆపరు" అన్నాడు.

మగవాళ్ళ మొహాలు వెలిగాయి. నేనైతే లేవబోయాను కూడా. అత్త నా చెయ్యి పట్టి కిందకు లాగింది.

"మీ అయ్యగారికి చెప్పు నాయనా, ఆయన ఇచ్చిందైతే రేపు ఆయనే తీసుకుంటాడు. మాది మాకివ్వడానికి ఆయనెవరు?"

ఆ క్షణంలో అత్త మీద పట్టరాని కోపం వచ్చింది. వచ్చిన దారిని కాలదన్నుతోందనుకున్నాను. నాట్లు ముగిసి ముఠా వెళ్ళిపోయాక, అరికాళ్ళు మండుతూ ఇంటికి నడుస్తున్నప్పుడు నెమ్మదిగా అర్థమైంది. ఆయన పేరు చెప్పి నడిచిన మొదటి రోజుతోనే డొంక మాది కాకుండా పోయేది. ఆ సాయంత్రమే ఇంకో అర్జీ రాశాను. ఈసారి నా సంతకం కింద పది వేలిముద్రలు వేయించాను.

మూడు వారాలకు సర్వేయరు వచ్చాడు. మేం కాపాడిన బారు మీద నాటు లేదు కాబట్టి కొలత గొలుసు పరవడానికి అడ్డేమీ లేకపోయింది. పాత సరిహద్దు రాళ్ళు ఎవరో ఎప్పుడో పీకేశారు. ఆయన కొలిచి కొత్త రాళ్ళు పాతిస్తే, మ్యాపులోని డొంక మేమెరిగిన డొంకకు రెండింతల వెడల్పుంది! ఆసామి తండ్రి కాలం నుంచే రెండు పక్కలా కొరుక్కుంటూ వచ్చారన్నమాట. రాళ్ళ లోపల నాటిన వరసల్ని ఆసామి మనుషులే తమ చేతులతో పీక్కోవాల్సి వచ్చింది.

దానికి ఖరీదు కూడా చెల్లించాం. ఏటా కోతకూలికి కూడా పోయేవాళ్ళం; ఆ ఏడాది కోతలకు ఆసామి గానీ ఆయన చుట్టాలు గానీ మా పల్లె మనిషిని ఒక్కరినీ పిలవలేదు. చాలా ఇళ్ళలో ఒక్కపూటే పొయ్యి రాజింది. అయినా అత్తను ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత కూడా ప్రతి వేసవిలో పొలం గట్టు జానెడు డొంకలోకి జరిగేది. జరిగినప్పుడల్లా మేం ఆడవాళ్ళం పారలు పట్టుకెళ్ళి, పట్టపగలు, ఆసామి చూస్తుండగానే దాన్ని మళ్ళీ రాళ్ళ దాకా వెనక్కి తోసి వచ్చేవాళ్ళం.